నలభై ఒక్క రోజుల హార్డ్ డ్రైవ్

అయ్యలారా, అమ్మలారా, వస్తువు కొనడం పాపం కాదు. చూడగానే కొనేయడం మాత్రం మహాపాపం. షాపులోకి వెళ్ళి, "ఒకటి ఇవ్వండి" అని, చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసే మనుషులు మన మధ్య ఇంకా ఉన్నారని తలుచుకుంటే ఈ వ్యాసకర్తకు జాలేస్తుంది. పది నిమిషాల్లో కొనేసినవాడికి ఆ వస్తువు తప్ప ఇంకేం మిగులుతుంది?

అదే నెలా పదిరోజులు ఆలోచించి కొనేవాణ్ణి చూడండి. వాడికి జ్ఞానం పెరుగుతుంది. నలుగురితో మాటామంతీ పెరుగుతుంది. షాపుల చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళకు వ్యాయామం అవుతుంది. ఇన్ని లాభాలున్న ఎంపిక అనే వరాన్ని మన కాలానికి ప్రసాదించిన మార్కెట్టుకు రోజూ పొద్దున్నే లేచి దండం పెట్టుకోవద్దూ?

అక్కర్లేదనేవాళ్ళు నిమిషాలయ్య సంగతి వినాలి.

నిమిషాలయ్య అనేది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఆయన సిటీ బస్సుల డిపోలో టైంటేబుళ్ళు వేసే ఉద్యోగి. రెండు వందల పద్నాలుగు బస్సులు ఎప్పుడు కదలాలో, ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలో, ఏ డ్రైవరు ఎప్పుడు టీ తాగాలో అన్నీ ఆయన గీసిన గీత ప్రకారమే జరుగుతాయి. ఎవరైనా "ఐదు నిమిషాల్లో వస్తానండీ" అంటే, "ఎప్పట్నుంచి ఐదు?" అని అడిగే మనిషి. డిపోవాళ్ళు పెట్టిన పేరు మెల్లగా ఇంటిదాకా వచ్చి అక్కడే స్థిరపడింది.

ఆయన భార్యను అందరూ టీచరమ్మ అంటారు. వినికిడి లోపం ఉన్న పిల్లల బడిలో ఆమె మాటలు నేర్పుతుంది. పిల్ల చేతిని తన గొంతు మీద ఆనించుకుని 'మ' అనిపిస్తుంది. పెదాల ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని, అది ఎగిరేలా 'ప' అనిపిస్తుంది. ఒక్క 'ప' కోసం ఒక పిల్లవాడితో పద్నాలుగు నెలలు కూర్చుంది. పదిహేనో నెలలో ఆ కాగితం ఎగిరింది.

బడిలో చేరిన మొదటి రోజు ప్రతి పిల్లనూ ఆమె వీడియో తీస్తుంది. తర్వాత నెలకొకటి తీస్తుంది. బడి సంవత్సరం ఆఖరి రోజున తల్లిదండ్రులను పిలిచి, మొదటి రోజుదీ ఇప్పటిదీ పక్కపక్కన వేసి చూపిస్తుంది. పదకొండేళ్ళ వీడియోలు మొత్తం ఆమె సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్ వయసూ పదకొండేళ్ళే.

ఆఖరి రోజుకు ఇంకా ఆరు వారాల పైనే ఉండగా ఆ ల్యాప్‌టాప్ మొరాయించింది. కొత్త వీడియో ఎక్కించబోతే చోటు లేదంది. ఉన్నది తెరవబోతే ఆలోచించుకుని చెబుతానంది. టీచరమ్మ దాన్ని వీధి చివర రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరు రోగి గుండె విన్నట్టు విన్నాడు.

"లోపల డిస్కు ఆయాసపడుతోందమ్మా. కొత్తది వేస్తాను. కానీ ముందు మీదంతా బయట ఒక హార్డ్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని రండి."

"ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"రేపు పోవచ్చు, మూడు నెలలూ నడవచ్చు. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళదు. తొందరగా చేసుకోండి."

ఆ సాయంత్రం టీచరమ్మ భర్తతో అంది. "ఏమండీ, రేపు డిపో నుంచి వచ్చేటప్పుడు ఒక హార్డ్ డ్రైవ్ పట్టుకురండి. చిన్నది, బ్యాగులో పట్టేది. వేరే ప్లగ్గు పెట్టక్కర్లేకుండా ల్యాప్‌టాప్ కరెంటుతోనే నడిచేది. అంతే."

"అంతేనా?" అన్నాడు నిమిషాలయ్య.

ఆ ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ఆఖరి మాట ఆయనదే. ఆ ఆఖరి మాట రావడమే కాస్త ఆలస్యం.

మర్నాడు ఆయన షాపుకు వెళ్ళాడు. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి పదకొండు రకాలు బయట పెట్టింది. నల్లవి, నీలివి, ఒక ఎర్రది, రబ్బరు చొక్కా తొడుక్కున్నవి, అరచేతిలో ఇమిడేవి. ఫోనులో చూస్తే ఇంకో రెండు వందలు కనిపించాయి. అందరూ ఇలాంటప్పుడు కళ్ళు తిరిగి పడిపోతారు. నిమిషాలయ్యకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఆయన తెలివితేటలకు తగిన పని దొరికింది. కంపెనీల కాగితాలన్నీ పట్టుకుని, డ్రైవ్ మాత్రం కొనకుండా ఇంటికొచ్చి టేబుల్ గీయడం మొదలుపెట్టాడు.

మొదట నాలుగు గడులు. ఎంత పడుతుంది, ఎంత వేగం, ఎంత బరువు, ఎన్నేళ్ళ వారంటీ. వారం తిరిగేసరికి గడులు ముప్ఫై ఏడు అయ్యాయి. తీగ పొడవుకో గడి. వేసవిలో ఎంత వేడెక్కుతుందనేదానికో గడి. లైటు ఏ రంగులో వెలుగుతుందో దానికో గడి. ఎంత ఎత్తు నుంచి పడితే పగలదో చెప్పే గడి దగ్గర కొన్నాళ్ళు ఆగిపోయాడు. కంపెనీవాళ్ళు నాలుగడుగులన్నారు. మరి తమ ఇంట్లో వస్తువులు ఎంత ఎత్తు నుంచి పడతాయి? ఆయన టేపు పట్టుకుని బల్లలూ, అరలూ, మంచమూ కొలిచాడు. అదే బరువున్న సబ్బుపెట్టెను ఒక్కో చోటి నుంచి కింద పడేసి చూశాడు. కింద వాటాలో ఉండే పళ్ళ డాక్టరమ్మ పైకి వచ్చి, "అంతా క్షేమమేనా అండీ?" అని అడిగి వెళ్ళింది. ఆరేళ్ళలో ఆమె వాళ్ళ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. చూశారా, ఇరుగుపొరుగు బంధాలు ఎలా పెరుగుతాయో!

తర్వాత లోపల తిరగడం, తిరగకపోవడం అనే సమస్య వచ్చింది. టీచరమ్మ తమ్ముడికి తెలియని విషయం లోకంలో లేదు. అతను సోఫాలో కాలు మీద కాలేసుకుని తేల్చేశాడు.

"బావా, లోపల పళ్ళెం తిరిగే రకం పాతకాలంది. ఇప్పుడు ఏదీ తిరగని రకం వచ్చింది. పడ్డా ఏం కాదు, చప్పుడుండదు, వేగం పదింతలు. కళ్ళు మూసుకుని తిరగనిది తీసుకో."

నిమిషాలయ్య తిరగనిదానికి దాదాపు మొగ్గాడు. మర్నాడు డిపోలో ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు ఒకాయనతో ఆ మాట అన్నాడు. డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"తిరిగేదే మంచిది సార్. తిరిగేది పోయేముందు చప్పుడు చేస్తుంది. మనకు తెలుస్తుంది. తిరగనిది పలక్కుండా పోతుంది. మా బండి ఇంజనూ అంతే, మా మామగారూ అంతే."

ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి మాటా నిజమైనచోట మనిషి ఏం చేయాలి? నిమిషాలయ్య ఎనిమిది రోజులు ఆలోచించాడు.

ఇక కొన్నవాళ్ళ అభిప్రాయాలు. రాత్రి భోజనానికి ముందు గంటన్నరసేపు ఆయన అవే చదివేవాడు. 'పెట్టె చాలా అందంగా ఉంది, లోపల ఏముందో ఇంకా చూడలేదు, ఐదు నక్షత్రాలు' అని ఒకాయన రాశాడు. 'రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు, ముందు ముందు వస్తుందేమోనని మూడే ఇస్తున్నాను' అని ఇంకొకాయన. 'మా వారికి బహుమతిగా ఇచ్చాను, ఆయన సంతోషించలేదు, ఒక నక్షత్రం' అని ఒకావిడ. ఈ మూడోది నిమిషాలయ్యను బాగా కలవరపెట్టింది. లోపం డ్రైవ్‌లో ఉందా, మొగుడిలో ఉందా? ఆవిడ వివరంగా రాసి ఉంటే ఎంత బాగుండేది.

ఇరవయ్యో రోజున ఆయన మళ్ళీ షాపుకు వెళ్ళి, చూపించడానికి పెట్టిన డ్రైవ్‌ను అక్కడి కంప్యూటరుకు తగిలించమన్నాడు. పెట్టె మీద వెయ్యి జీబీ అని రాసి ఉంది. తెర మీద తొమ్మిది వందల ముప్ఫై ఒకటి అని కనబడింది.

"అరవై తొమ్మిది ఎక్కడికి పోయాయమ్మా?"

"ఎక్కడికీ పోలేదండీ. కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగుతో లెక్కేస్తుంది."

"ఇద్దరిలో ఎవరు కరెక్టు?"

"ఇద్దరూ కరెక్టేనండి," అంది ఆ అమ్మాయి. ఆ మాట ఆమె రోజుకు పదిసార్లు అంటుందని గొంతులోనే తెలిసిపోయింది.

ఒకే వస్తువు రెండు లెక్కల్లోనూ కరెక్టు కావడమేమిటి? పది గంటల బస్సు పదకొండుకు వచ్చి, ఇద్దరమూ కరెక్టే అంటే ప్రయాణికులు ఊరుకుంటారా? ఆయన ఆ దిగులుతో రెండు రోజులు సరిగ్గా భోంచేయలేదు.

ఇదంతా జరుగుతుంటే టీచరమ్మ ఏం చేస్తోందని మీరు అడగవచ్చు. ఆమె రోజూ బడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ ఒక్కటే మాట అడిగేది. "కొన్నారా?"

"ఇంకా కొనలేదు. దగ్గరికొచ్చేశాను."

ఒకసారి మాత్రం, "పోనీ రేపు నేను కొనుక్కొస్తాను లెండి," అంది. నిమిషాలయ్య ముఖం చిన్నబోయింది. మూడు వారాల కష్టం అలా గాలికి వదిలేస్తే ఎవరికైనా బాధే కదా. రెండు రోజులు ముభావంగా తిరిగాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒక్క అక్షరం కోసం పద్నాలుగు నెలలు కూర్చున్న మనిషి, నలభై ఏడేళ్ళవాడికి ఇంకొన్ని రోజులు ఇవ్వలేదా? ఓర్పు ఉన్నవాళ్ళ ఇంట్లో ఆలస్యం హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది.

నలభయ్యో రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ టిక్కు టిక్కుమంది. తెర అలాగే బిగుసుకుపోయింది. పావుగంట తర్వాత ఎలాగో మళ్ళీ లేచింది. టీచరమ్మ దాన్ని తెచ్చి ఆయన టేబుల్ కాగితాల మీదే పెట్టింది.

"రేపు సాయంత్రానికి ఒకటి ఇక్కడ ఉండాలి. ఏ రంగైనా సరే."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పి ఉండేవాడు.

నిజానికి ఆయన ఎంపిక అప్పటికి పూర్తయింది. ముప్ఫై ఏడు గడుల్లోనూ అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న నీలం డ్రైవ్ ఒకటి తేలింది. మర్నాడు శనివారం. షాపు తెరవగానే వెళ్ళి, కాగితం ముందు పెట్టి, దాని పూర్తి పేరు చదివి వినిపించాడు.

షాపు అమ్మాయి కంప్యూటర్లో చూసి, "ఆ మోడల్ ఆపేశారండీ," అంది.

"ఎప్పుడు?"

"పోయిన వారమే. కొత్తది వచ్చే నెల వస్తుందట. మిగతావన్నీ అమ్ముడైపోయాయి, ప్రస్తుతానికి మా దగ్గర ఉన్నది ఇదొక్కటే." ఎర్రటి డబ్బా ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది.

నిమిషాలయ్య ఆ డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. ఆయన టేబుల్లో అది లేనే లేదు. ఎరుపు తొందరగా మాసిపోతుందని మొదటి రోజే కొట్టేశాడు. జేబులోంచి పెన్ను తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నాలుగు నిమిషాల్లో ఎర్ర డబ్బా పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. పరీక్ష రాయకుండానే పాసైనవాడిలా ఉంది ఆయన పరిస్థితి. కొంచెం సిగ్గు, కొంచెం తేలిక.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు. లైటు వెలిగింది, ఆరింది, వెలిగింది. లోపల ఏదో లేవబోయి మళ్ళీ కూలబడిన చప్పుడు. తెర మీద ఏమీ రాలేదు. షాపుకు ఫోన్ చేశాడు.

"ల్యాప్‌టాప్ ఎన్నేళ్ళదండీ?" అని అడిగింది అమ్మాయి.

"పదకొండు."

"అయితే అదే. దీనికి సొంత ప్లగ్గు లేదు కదండీ, కరెంటంతా ల్యాప్‌టాపే ఇవ్వాలి. పాతబడింది కాబట్టి తీగ గుచ్చే ఒక్క చిల్లులోంచి వచ్చేది చాలట్లేదు. రెండు తలల తీగ ఇస్తాను, రెండు చిల్లుల్లోనూ పెట్టండి. నడుస్తుంది."

ముప్ఫై ఏడు గడుల్లో ఆయన డ్రైవ్ బరువు రాశాడు, పొడవు రాశాడు, అది తట్టుకునే ఎండా చలీ రాశాడు. తన ఇంట్లో ఉన్న ముసలి ల్యాప్‌టాప్ దాన్ని లేపగలదా అనే గడి మాత్రం గీయలేదు. ఏ కంపెనీ కాగితంలోనూ ఆ సంగతి రాసి లేదు. రాస్తే మనం మన ల్యాప్‌టాప్ వైపు చూస్తాం కదా, మళ్ళీ వాళ్ళ డ్రైవ్ వైపు ఎవరు చూస్తారు?

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి భార్యాభర్తలిద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. షాపు నుంచి తెచ్చిన రెండు తలల తీగ పెట్టగానే డ్రైవ్ లేచి తిరగడం మొదలుపెట్టింది. కాకపోతే రెండో చిల్లు వదులుగా ఉంది. వేలితో ఒక పక్కకు నొక్కిపట్టి ఉంచితేనే పని చేస్తోంది. నిమిషాలయ్య వేలు పెట్టి కూర్చున్నాడు.

తెర మీద 'ఇంకా నాలుగు గంటలు' అని వచ్చింది. కాసేపటికి 'రెండు రోజులు' అంది. తర్వాత 'తొమ్మిది నిమిషాలు' అంది. ఆ వెంటనే 'పదకొండు గంటలు'.

"ఇలాంటి టైంటేబుల్ నేను వేసుంటే డిపోకు నిప్పు పెట్టేవాళ్ళు," అన్నాడు ఆయన.

టీచరమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

వేలు తీయడానికి లేదు. ఫోను చూడటానికి లేదు. కాగితం మీద రాయడానికి లేదు. చేసేదేమీ లేక ఆయన తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎక్కినవి సరిగ్గా ఎక్కాయో లేదో చూడటానికి టీచరమ్మ మధ్య మధ్యలో ఒకటి తెరిచి కొంచెంసేపు నడిపిస్తోంది. ఒక పిల్లవాడు అద్దం ముందు కూర్చుని తన నాలుకను తనే వింతగా చూసుకుంటున్నాడు. ఒక పిల్ల బెలూన్‌ను చెంపకు ఆనించుకుంది, అవతలి నుంచి టీచరమ్మ ఏదో అంటోంది, బెలూన్ అదురుతుంటే ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో వీడియోలో ఒక కాగితం ముక్క కదలకుండా అలాగే ఉంది.

"వీడేనా? పద్నాలుగు నెలలు?"

"వీడే. ఇది ఆరో నెల."

ఆ కాగితం వైపు చూస్తూ నిమిషాలయ్య తనకు తెలియకుండానే పెదాలు బిగించి 'ప' అన్నాడు. పక్కన టీచరమ్మ అది చూసింది.

నలభై రోజులుగా ఆయన ఈ వీడియోలన్నిటినీ నాలుగు వందల అరవై జీబీ అని మాత్రమే అనుకుంటున్నాడు.

మూడు గంటలవేళ కాపీ ఆగిపోయింది. ఒక ఫైలు చదవడం కుదరడం లేదని తెర మీద వచ్చింది. టీచరమ్మ మళ్ళీ ప్రయత్నించింది. మూడుసార్లూ అదే మాట. దాన్ని వదిలేసి మిగతావి ఎక్కించమంది. అన్నీ ఎక్కాయి. ఆ ఒక్కటి మాత్రం పోయింది.

"ఏమిటది?"

"పిట్టది. మొదటి రోజు వీడియో."

పిట్ట అంటే ఈ ఏడు ఆమె తరగతిలో ఉన్న పదిహేను మందిలో అందరికంటే చిన్న పిల్ల. ఏడేళ్ళు. రెండేళ్ళ కిందట చేరింది. ఒక్కచోట నిలవదని టీచరమ్మే ఆ పేరు పెట్టింది.

"పోయిన వారం చేసుంటే వచ్చేదా?" అని అడిగాడు నిమిషాలయ్య.

"మొన్న మంగళవారం కూడా తెరుచుకుంది," అంది ఆమె.

ఆయన వేలు ఇంకా ఆ తీగ మీదే ఉంది. పని అయిపోయింది, తీసేయండి అని ఆమె చెప్పేదాకా తీయలేదు.

బుధవారం బడి ఆఖరి రోజు. నిమిషాలయ్య సగం రోజు సెలవు పెట్టి బడికి వెళ్ళాడు. పదకొండేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. బస్సులో పంతొమ్మిది నిమిషాలు. ఆ రూటు వేసింది ఆయనే.

తరగతి గది ఆయన అనుకున్నట్టు లేదు. బెంచీల వరసలు లేవు. అందరికీ అందరి ముఖాలూ కనబడేలా కుర్చీలు అర్ధచంద్రంగా వేసి ఉన్నాయి. గదిలో మాట మారుమోగకుండా నేలంతా దళసరి గుడ్డ పరిచారు, కిటికీలకు బరువైన తెరలు కట్టారు. గోడకు పిల్లల ఎత్తులో అద్దం. చెవులకు మిషన్లు పెట్టుకున్న పదిహేను మంది పిల్లలు ముందు కూర్చున్నారు, వెనక గోడ వెంట తల్లిదండ్రులు నిలబడ్డారు.

టీచరమ్మ పిల్లల వైపు తిరిగి, నెమ్మదిగా, పెదాలు కనబడేలా చెప్పింది. "ఈయన మా ఇంటాయన."

పదిహేను గొంతులు ఒక్కసారిగా లేచాయి. కొన్ని స్పష్టంగా, కొన్ని ముద్దగా, ఒకటి రెండు అర క్షణం ఆలస్యంగా.

"హార్డ్ డ్రైవ్ కొన్నారా?"

వెనక తల్లిదండ్రులు గొల్లున నవ్వారు.

"నెల నుంచీ మాకు ఇదే పాఠమండీ," అన్నాడు ఒక తండ్రి నవ్వు ఆపుకుంటూ. "మా వాణ్ణి పాలు తెచ్చావా అంటే 'ఇంకా కొనలేదు' అంటాడు. స్నానం చేశావా అంటే 'ఇంకా కొనలేదు' అంటాడు."

నిమిషాలయ్య భార్య వైపు చూశాడు. ఆమె అద్దం వైపు చూస్తోంది.

"రోజూ అడగడానికి ఒక ప్రశ్న కావాలి, చెప్పడానికి ఒక జవాబు కావాలి," అంది మెల్లగా. "జవాబు రోజూ ఒకటే ఉంటే ఈ పిల్లలకు ఇంకా మంచిది. పైగా 'హార్డ్ డ్రైవ్'లో నాలుక తిరగడం అంత సులువు కాదు. మీ పుణ్యమా అని అందరికీ వచ్చేసింది."

కనుక ఎంపిక వరమని ఈ వ్యాసకర్త ఊరికే అనలేదు. నలభై ఒక్క రోజుల తర్జనభర్జన వల్ల పదిహేను మంది పిల్లలకు నాలుక తిరిగింది. ఇంత మేలు ఏ కంపెనీ కాగితంలో రాశారు?

"కొన్నాను," అన్నాడు నిమిషాలయ్య. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తెర మీద వీడియోలు మొదలయ్యాయి. ఒక్కొక్క పిల్లదీ మొదటి రోజు, ఆ పక్కనే ఇవాళ్టిది. తల్లులు నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. పద్నాలుగు అయ్యాయి. లాండ్రీలో పనిచేసే పిట్ట వాళ్ళమ్మ గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"మా పిల్లది ఉంది కదమ్మా?"

టీచరమ్మ నోరు తెరిచేలోపే నిమిషాలయ్య లేచి నిలబడ్డాడు. జేబులో చేయి పెట్టుకోబోయి మానేశాడు. ఆ తల్లి వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆ వీడియో..."

"పిల్ల వైపు తిరిగి చెప్పండి," అంది టీచరమ్మ. "వీడియో ఆ పిల్లది కదా. మెల్లగా చెప్పండి."

ఆయన వంగి పిట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిట్ట ఆయన పెదాల మీదే చూపు నిలిపింది. అంత శ్రద్ధగా ఆయన ముఖం ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు.

"నీ మొదటి రోజు వీడియో పోయింది. నేను కొనడం ఆలస్యం చేశాను. తప్పు నాదే."

ఆ గదిలో ఎవరైనా మెల్లగా, పెదాలు కనబడేలా ఒక మాటంటే దాన్ని తిరిగి పలకడం పిల్లలకు అలవాటు. పిట్ట గట్టిగా అంది. "తప్పు నాదే."

"నీది కాదమ్మా. నాది."

"నీది కాదమ్మా. నాది," అంది పిట్ట. ఆమె వెనక మిగతా పద్నాలుగు మందీ అందుకున్నారు. "తప్పు నాదే. తప్పు నాదే." ఒక పిల్లవాడు పెదాలు బిగించి ఆ 'ప్పు'ను ఎంత బలంగా అన్నాడంటే, ముందు కుర్చీలో ఉన్న పిల్ల జుట్టు కదిలింది.

తల్లిదండ్రులు నవ్వడం మొదలుపెట్టారు. పిట్ట వాళ్ళమ్మ మాత్రం నవ్వలేకపోయింది. పిట్ట ఒకసారి అమ్మ ముఖం చూసింది, ఒకసారి ఖాళీగా ఉన్న తెర చూసింది. లేచి గది బయటికి వెళ్ళిపోయింది. అందరూ కంగారుపడేలోపే తలుపు తోసుకుని మళ్ళీ లోపలికి వచ్చింది.

వచ్చిన పిల్ల వేరు. భుజాలు పైకి లాక్కుంది. పరుగున వచ్చి వాళ్ళమ్మ వెనక దాక్కుని, రెండు చేతులతో నోరు మూసుకుంది. టీచరమ్మ చేయి చాపితే అమ్మ నడుం కరుచుకుని, గొంతులోంచి ఒక పెద్ద, ఆకారం లేని అరుపు అరిచింది. కాళ్ళు నేలకేసి కొట్టింది. తర్వాత ఒక కన్ను మాత్రం బయటికి పెట్టి చూసింది.

"అచ్చం ఇలాగే," అంది వాళ్ళమ్మ. అప్పుడు నవ్వింది, నవ్వుతూనే ముఖం తుడుచుకుంది. "అచ్చం ఇలాగే చేసిందండీ ఆ రోజు."

పిట్ట నోటి మీద నుంచి చేతులు తీసేసింది. గది మధ్యకు వచ్చి, నిటారుగా నిలబడి, ఇవాళ్టి మాట చెప్పింది. "మా అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. నేను పాట పాడతాను." పాడింది కూడా. రాగం గురించి ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటికే టీచరమ్మ ఫోనులో అదంతా వీడియో తీసుకుంది. ఆ సాయంత్రం దాన్ని ఎర్ర డ్రైవ్‌లోకి ఎక్కించి, పాత పేరే పెట్టింది. పిట్ట, మొదటి రోజు.

తర్వాత రిపేరు చేసే ఆయన ఫోన్ చేశాడు. కొత్త డిస్కు వేయడానికి ల్యాప్‌టాప్ తెచ్చేయొచ్చన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఒక్క డ్రైవ్‌ను నమ్ముకోకూడదట, అదీ ఎప్పుడో ఒకప్పుడు పోయేదేనట, రెండో కాపీకి ఇంకొకటి తీసుకోవడం మంచిదట.

నిమిషాలయ్య టేబుల్ ఉన్న సొరుగు వైపు చూశాడు. మార్కెట్టులో ఇప్పుడు రెండు వందలు కాదు, మూడు వందల రకాలున్నాయి. గడులు నలభై దాటొచ్చు. నీలం రంగుది కొత్త మోడల్ కూడా వచ్చే నెల వస్తోంది. ప్రతి డబ్బా మీదా ఎంత పడుతుందో రాసి ఉంటుంది. మీరు ఏం దాచుకుంటారు, అది ఇంకెన్నాళ్ళు ఆగుతుంది అని మాత్రం ఏ డబ్బా అడగదు. కొనేవాడూ తనను తాను అడగడు. అడిగితే ఎంపికలో మజా ఏముంది?

ఆయన సొరుగు మీద చేయి వేసి, భార్య వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. టీచరమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని మెట్లు దిగుతోంది. ఈసారి ఎవరు కొనాలనే విషయంలో ఆమె ఆయనకు ఏ ఎంపికా ఇవ్వలేదు.